చేదు ఎక్కువ ఉంటే నేలవేములో యాంటీఆక్సిడెంట్లు కూడా ఎక్కువ ఉంటాయా?

నేలవేము ఎంత చేదుగా ఉంటే అంత మంచిదా, నీళ్లలో కాస్తే యాంటీఆక్సిడెంట్లు కషాయంలోకి దిగుతాయా అని అడిగారు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు ఈ మొక్క మీదే.

చేదును బట్టి యాంటీఆక్సిడెంట్ గుణాన్ని అంచనా వేయకండి. చేదుకు ముఖ్య కారణం ఆండ్రోగ్రాఫోలైడ్. దాన్ని 1911లోనే మొక్క నుంచి వేరుచేశారు. యాంటీఆక్సిడెంట్ పరీక్షలో బలం చూపేవి ఎక్కువగా ఫ్లేవనాయిడ్లు, ఇతర ఫినాలిక్ పదార్థాలు అనే మొక్క రసాయనాలు. డీపీపీహెచ్ అనే ముదురు ఊదా ద్రావణంలో ఆకు సారం కలిపి అరగంట చీకట్లో ఉంచుతాం. ఆ పదార్థాలు హైడ్రోజన్ అందించేకొద్దీ ఊదా విరిగి పసుపు తేలుతుంది. రంగు ఎంత తగ్గిందో 517 నానోమీటర్ల దగ్గర కొలిచి విటమిన్ సితో పోలుస్తాం. ఆకు సారం వేసిన గొట్టం కళ్లముందే పసుపు తిరుగుతుంటే, కాడల సారం వేసింది చాలాసేపు ఊదాగానే ఉండేది. ఆ తేడా చూసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇక కషాయం సంగతి. ఆండ్రోగ్రాఫోలైడ్ నీళ్లలో అంతగా కరగదు, ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది. ఫినాలిక్ పదార్థాల్లో చాలావరకు వేడినీళ్లలోకి వస్తాయి. కాబట్టి కషాయం వట్టి చేదునీళ్లు కాదు. అయితే పరిశోధనల్లో కనిపించే పెద్ద పెద్ద అంకెలు చాలావరకు మిథనాల్ అనే ఆల్కహాల్‌తో తీసిన సారానివి. వాటిని మీ గ్లాసుకు అన్వయించకూడదు. పరీక్షగొట్టంలో రంగు మారినంత మాత్రాన ఒంట్లోనూ అలాగే జరుగుతుందనీ అనుకోకూడదు.

మా సంతలో నేలవేమును భుయినింబ అనే ఒడియా పేరుతో అమ్మే కట్టల్లో చాలావరకు కాడలే ఉంటాయి. ఆకు ఎక్కువగా ఉన్నది, నీడన ఆరబెట్టి పచ్చదనం పోనిది ఎంచుకోండి. మొక్కను పూత మొదలయ్యే వేళ కోస్తే మేలు. నలుపలకల కాండం, ఊదా మచ్చలున్న చిన్న తెల్లపూలు దీని గుర్తులు.

గర్భిణులు దీన్ని తీసుకోకూడదు. రక్తం పలచబడే మందులు, బీపీ, షుగర్ మందులు వాడేవారు డాక్టరును అడగాలి. కొందరిలో తీవ్రమైన అలర్జీ వస్తుందని ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. తాగాక దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.