చేతి బొటనవేలు పోతే ఈఎస్‌ఐ ఎంత ఇస్తుంది? సంతకం పెట్టే ముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: మాది హన్మకొండ. మా ఆయనకు 40 ఏళ్లు. మడికొండ దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ మీద ఆరేళ్లుగా పని చేస్తున్నారు. ఆగస్టులో మిషన్‌లో చెయ్యి పడి కుడిచేతి బొటనవేలు మొత్తం పోయింది. జీతం 18 వేలు. అందులో 12 వేలు బ్యాంకులో వేస్తారు, 6 వేలు చేతికిస్తారు. ఈఎస్‌ఐ కార్డు ఉంది. ఇప్పుడు సేటు రెండు లక్షలిస్తాను, ఒక కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. మళ్లీ పనిలో చేరితే ఈఎస్‌ఐ పైసలు రావని కూడా చెబుతున్నారు. అసలు ఈఎస్‌ఐ వాళ్లు ఎంతిస్తారు, ఎట్లా లెక్క కడతారు? ఇద్దరు పిల్లలు, నెలకు 5 వేల చిట్టీ ఉన్నది. టెన్షన్‌తో నిద్ర పడతలేదు.
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అమ్మా, ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టనివ్వకండి. యజమాని ఏ షరతూ లేకుండా సాయంగా రెండు లక్షలు ఇస్తే తీసుకోండి, తప్పు లేదు. కానీ ‘ప్రమాదం ఫ్యాక్టరీలో జరగలేదు’ అన్న అర్థం వచ్చే ఒక్క ముక్క ఆ కాగితంలో ఉన్నా, మీ ఆయనకు జీవితాంతం రావాల్సిన డబ్బు చిక్కుల్లో పడుతుంది. ఆ డబ్బు సేటు జేబులోంచి ఇచ్చేది కాదు. మీ ఆయన జీతంలోంచి నెలనెలా 0.75 శాతం, యజమాని వైపు నుంచి 3.25 శాతం కట్టిన బీమా అది.

ఇక లెక్క. దెబ్బ ఎంత బాధ పెట్టింది, ఇంట్లో తినే నోళ్లెన్ని అన్నవి ఇందులోకి రావు. సగటు రోజు జీతం, అందులో 90 శాతం, సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందన్నది, ఈ మూడే చూస్తారు.

ముందు రోజు జీతం సంగతి. ప్రమాదం జరిగిన నెల జీతాన్ని తీసుకుంటారని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఈఎస్‌ఐలో ఏడాదిని రెండు చందా కాలాలుగా విడగొట్టారు. అక్టోబర్ నుంచి మార్చి వరకు కట్టిన చందాను బట్టి ఆ తర్వాతి జులై–డిసెంబర్‌లో ప్రయోజనాలు లెక్కగడతారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు కట్టినదాన్ని బట్టి మరుసటి జనవరి–జూన్‌లో లెక్కగడతారు. మీ ఆయనకు దెబ్బ తగిలింది ఆగస్టులో కాబట్టి అంతకుముందు అక్టోబర్–మార్చి జీతాలు చూస్తారు. ఆ ఆరు నెలల్లో వచ్చిన మొత్తం జీతాన్ని, జీతం చెల్లించిన రోజులతో భాగిస్తారు. నాగా పెట్టి జీతం పోయిన రోజులు ఈ భాగహారంలోకి రావు కాబట్టి వాటివల్ల సగటు తగ్గదు.

నెలకు 18 వేల చొప్పున ఆరు నెలలకు 1,08,000. లెక్క సులువుగా ఉండడానికి జీతపు రోజులు 180 అనుకుందాం. రోజుకు 600 రూపాయలు. అందులో 90 శాతం అంటే 540.

చికిత్సలో ఉండి పనికి వెళ్లలేని ప్రతి రోజుకూ ఈ 540 పూర్తిగా రావాలి. దీన్ని తాత్కాలిక వైకల్య భృతి అంటారు. ప్రమాదం జరిగిన రోజును వదిలేసి కనీసం మూడు రోజులు పనికి పోలేని స్థితి ఉంటే చాలు. ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న నియమం దీనికి లేదు, ఉద్యోగంలో చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా వస్తుంది. మామూలు జబ్బుకిచ్చే భృతి వేరు. దానికి కనీసం 78 రోజుల చందా ఉండాలి, 70 శాతమే ఇస్తారు, ఏడాదికి 91 రోజులే ఇస్తారు. పని ప్రమాదాన్ని జబ్బు సెలవు కింద రాయించి కార్మికుల నోరు కొట్టడం చూసినప్పుడల్లా నా కడుపు మండుతుంది. మీ ఆయన కాగితాలు ఏ పద్దు కింద ఉన్నాయో ముందు చూసుకోండి.

గాయం మానాక శాశ్వత వైకల్య భృతి మొదలవుతుంది. ఇక్కడే మూడో అంకె పని పడుతుంది. ఏ అవయవం పోతే ఎంత శాతమో చట్టంలోనే పట్టిక ఉంది. చేతి బొటనవేలు మొత్తం పోతే 30 శాతం. దాని వెనక అరచేతిలోని ఎముక కూడా తీసేస్తే 40. బొటనవేలి చివరి కణుపు మాత్రమే పోతే 20. చూపుడువేలు మొత్తం పోతే 14, నడిమివేలికి 12, ఉంగరపువేలు గానీ చిటికెనవేలు గానీ పోతే 7. ఒకే చేతికి నాలుగు వేళ్లూ పోతే 50. వేలు ఉండి కూడా పూర్తిగా, శాశ్వతంగా పనికిరాకుండా పోతే అది పోయినట్టే లెక్క. పట్టికలో లేని గాయాలకు మెడికల్ బోర్డు పరీక్షించి శాతం నిర్ణయిస్తుంది.

మీ ఆయన విషయంలో 540లో 30 శాతం, రోజుకు 162 రూపాయలు. 30 రోజుల నెలకు 4,860. ఏడాదికి 59,130. ఇది ఆయన బతికి ఉన్నంత కాలం వస్తుంది, ధరల పెరుగుదలను బట్టి అప్పుడప్పుడూ పెంచుతుంటారు కూడా. సేటు ఇస్తానన్న రెండు లక్షలు మూడున్నరేళ్లు కూడా తిరగకముందే దీనితో సమానమైపోతాయి. ఆయన వయసు నలభయ్యే.

మళ్లీ పనిలో చేరితే రాదన్న మాట అబద్ధం. జీతం వచ్చే రోజుల్లో ఆగిపోయేది తాత్కాలిక భృతి మాత్రమే. శాశ్వత భృతి జీతంతో పాటే వస్తుంది. అప్పులవాళ్లు దాన్ని జప్తు చేయలేరు, ఎవరికీ రాసివ్వడమూ కుదరదు. తాత్కాలిక భృతి తీసుకుంటున్న రోజుల్లో ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేయడానికి కూడా వీల్లేదు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన విషయానికి వస్తాను. 12 వేలు బ్యాంకులో, 6 వేలు చేతికి అని రాశారు. అంటే ఈఎస్‌ఐకి 12 వేలే చూపించి ఉంటారు. అప్పుడు రోజు జీతం 400 అవుతుంది, 90 శాతం 360, అందులో 30 శాతం 108. నెలకు 3,240. పై లెక్కతో పోలిస్తే ప్రతి నెలా 1,620 తక్కువ. ముప్పై ఏళ్లకు దాదాపు ఆరు లక్షలు. నెలకు రెండు వందల చిల్లర చందా మిగుల్చుకోవడానికి చేసిన పని ఒక కుటుంబానికి ఇంత నష్టం తెస్తుంది. చేతికిచ్చే జీతం ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది, కోత తెలిసేది ఇలాంటి రోజునే.

అయితే దారి మూసుకుపోలేదు. యజమాని చందా ఎగ్గొట్టినా, తక్కువ కట్టినా, దానివల్ల కార్మికుడి భృతి తగ్గితే, ఈఎస్‌ఐ సంస్థ విచారించుకుని అసలు రావాల్సిన రేటు ప్రకారమే చెల్లించవచ్చని, తేడాను యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చని చట్టంలోనే ఉంది. దానికి ఆధారాలు కావాలి. చేతికిచ్చిన జీతం తాలూకు వోచర్లు, హాజరు పుస్తకం ఫొటోలు, జీతం గురించి ఫోన్‌లో వచ్చిన మెసేజ్‌లు, ప్రతి నెలా దాదాపు అదే తేదీన మీరు కట్టిన చిట్టీ పాస్‌బుక్, ఏది దొరికితే అది పోగు చేయండి. తోటి కార్మికుల సాక్ష్యం దొరికితే మరీ మంచిది. వాటితో ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి.

అదే ఆఫీసులో ఇంకో రెండు పనులు. యజమాని ప్రమాద నివేదిక పంపాడా, అందులో సమయం, స్థలం సరిగ్గా ఉన్నాయా అని అడగండి. మొదట ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లి ఉంటే డిశ్చార్జి కాగితంలో దెబ్బ ఎలా తగిలిందని రాశారో చదవండి. ‘ఇంట్లో జారిపడ్డారు’ వంటిది ఉంటే ఆ విషయం మొదటి రోజే చెప్పేయండి, దాచొద్దు. రెండోది, ఈఎస్‌ఐ డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్లు చూపించి, కేసును మెడికల్ బోర్డుకు పంపమని దరఖాస్తు పెట్టండి. బోర్డు ఒక్కోసారి మొదట తాత్కాలికంగా శాతం నిర్ణయించి, కొంతకాలం తర్వాత మళ్లీ పరీక్షకు పిలుస్తుంది. ఆ తేదీ తప్పిపోకూడదు. బోర్డు చెప్పిన శాతం తక్కువనిపిస్తే మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కు గానీ, ఎంప్లాయీస్ ఇన్సూరెన్స్ కోర్టుకు గానీ వెళ్లొచ్చు. నిర్ణయం చేతికొచ్చాక ఆలస్యం మాత్రం చేయకండి.

సదరం సర్టిఫికెట్‌లోని శాతాన్ని దీనితో కలపొద్దు. సదరం చూసేది శరీర వైకల్యాన్ని. రాష్ట్ర ప్రభుత్వం దివ్యాంగులకిచ్చే 4,016 రూపాయల పింఛనుకు ఆ లెక్క పనికొస్తుంది, దానికి కనీసం 40 శాతం ఉండాలి, ఇతర అర్హతలూ ఉండాలి. ఈఎస్‌ఐ బోర్డు చూసేది సంపాదించే శక్తిని. పీఎఫ్ కింద వచ్చే వైకల్య పింఛను, ఉద్యోగానికి శాశ్వతంగా, పూర్తిగా పనికిరాకుండా పోయినవారికే కాబట్టి మీకు వర్తించేలా లేదు.

ఎనుమాముల చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవారు ఇది చదువుతుంటే వారికి ఒక మాట. పత్తి జిన్నింగ్ మిల్లును చట్టం సీజనల్ ఫ్యాక్టరీగా చూస్తుంది కాబట్టి మీకు ఈఎస్‌ఐ ఉండదు. మీకు నష్టపరిహారం యజమానే ఇవ్వాలి, కార్మిక శాఖ ద్వారా అడగాలి. ఆ లెక్క వేరు. నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి పట్టికలో ఉన్న అంకెతో గుణిస్తారు. జీతం ఎంతున్నా 15 వేల వరకే లెక్కలోకి తీసుకుంటారు. నలభై ఏళ్ల మనిషికి ఆ అంకె 184.17. అంటే 9,000ను 184.17తో గుణించి, బొటనవేలికి 30 శాతం తీస్తే 4,97,259 రూపాయలు ఒకేసారి వస్తాయి. ఈఎస్‌ఐ ఉన్నవారికి ఈ రెండూ కలిపి రావు.

ఇంటి ఖర్చు సంగతి. శాశ్వత భృతి మొదలయ్యేదాకా కొన్ని నెలలు పట్టొచ్చు. చిట్టీ ఇంకా పాడుకోకపోతే ఇప్పుడే తొందరపడి పెద్ద కోతకు పాడుకోకండి, ముందు తాత్కాలిక భృతి బకాయి మొత్తం రాబట్టండి. నెలకు వచ్చే నాలుగైదు వేలను చూపించి కొత్త అప్పు చేయొద్దు, పిల్లల ఫీజుకు కేటాయించండి. ఇద్దరూ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమాకు సంతకం పెట్టండి, ఏడాదికి 20 రూపాయలే. వేలు పోతే అది ఇవ్వదు కానీ ప్రమాదంలో ఒక కన్ను గానీ, చెయ్యి గానీ, కాలు గానీ పోతే లక్ష, ప్రాణం పోతే రెండు లక్షలు ఇస్తుంది.

బ్రాంచి ఆఫీసుకు వెళ్లేటప్పుడు సేటు ఇచ్చిన ఆ కాగితం జిరాక్స్ కూడా తీసుకెళ్లి చూపించండి.