ల్యాబ్‌లో హైడ్రోజెల్‌తో లివర్ తయారు చేస్తున్నారట, నాన్న ట్రాన్స్‌ప్లాంట్ కొన్నాళ్లు ఆపవచ్చా?

ఆపకండి. సిరోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడే జబ్బు) ఉన్న నాన్నగారికి మీ లివర్‌లో కొంత ఇవ్వాలా, రెండు మూడేళ్లు ఆగితే ల్యాబ్ లివర్ దొరుకుతుందా అని అడిగారు కదా, సూటిగా ఇదే నా జవాబు. మందులు టెస్ట్ చేయడానికి లివర్ కణాలు పెంచే ల్యాబ్‌లో పనిచేశాను కాబట్టి ఆ వార్తల్లో నిజమెంతో చెప్పగలను.

నిజం చాలానే ఉంది. లివర్ కణాల్ని ఉత్త ప్లాస్టిక్ డిష్‌లో వేస్తే కొద్ది రోజుల్లోనే పల్చగా పరుచుకుపోతాయి, బతికే ఉంటాయి గానీ ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రోటీన్) తయారీ, మందుల్ని విడగొట్టే పని దాదాపు మానేస్తాయి. అవే కణాలకు కిందా పైనా కొల్లాజెన్ అనే ప్రోటీన్ జెల్ పొర వేస్తే (నీళ్లు పట్టి ఉంచే ఇలాంటి జెల్‌నే హైడ్రోజెల్ అంటారు) వారాల తరబడి పనిచేస్తాయని 1989లోనే డన్, యార్ముష్, టాంప్కిన్స్ అనే పరిశోధకులు చూపించారు. మేమూ అదే పద్ధతి వాడేవాళ్లం. ఎలుక తోక నుంచి తీసిన కొల్లాజెన్‌ని ఐస్ మీద ఉంచి సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు చుక్కలుగా కలుపుతుంటే పసుపు రంగు గులాబీకి తిరుగుతుంది, తిరగగానే గబగబా డిష్‌లో పోసి 37 డిగ్రీల దగ్గర పెడితే కాసేపట్లో జున్నులా గట్టిపడుతుంది. తర్వాత మైక్రోస్కోప్‌లో చూస్తే కణానికీ కణానికీ మధ్య సన్నటి మెరిసే గీతలు కనిపిస్తాయి, అవి పైత్యరసం చేరే కాలువలు. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ ఆశ్చర్యం తగ్గలేదు.

జెల్ మెత్తదనం కూడా ముఖ్యమే. లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ పరీక్ష నాన్నగారికి చేసి ఉంటే ఆ రిపోర్టులో కిలోపాస్కల్ అని ఒక అంకె ఉంటుంది చూడండి, మంచి లివర్‌కి సుమారు 6 లోపు వస్తుంది, సిరోసిస్‌లో తరచూ 12 దాటుతుంది. ల్యాబ్‌లోనూ అంతే, జెల్ మరీ గట్టిదైతే కణాలు పని తగ్గించేస్తాయి.

అసలు చిక్కు సైజు దగ్గర. రక్తనాళానికి 0.2 మిల్లీమీటర్లు దాటి దూరంగా ఉన్న కణానికి ఆక్సిజన్ సరిగా అందదు, పెద్దవాళ్ల లివరేమో దాదాపు కిలోన్నర. జెల్ లోపలే నాళాలు ప్రింట్ చేయాలని చాలామంది గట్టిగా కష్టపడుతున్నారు. నాసా పెట్టిన పోటీలో 2021లో అమెరికాలోని వేక్ ఫారెస్ట్ సంస్థ టీమ్‌లు గెలిచాయి, అది సెంటీమీటరు మందం కణజాలాన్ని 30 రోజులు బతికించే పోటీ. అంతకుముందు 2017లో అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్త సంగీతా భాటియా బృందం జెల్‌లో పెట్టిన చిన్న లివర్ ముక్క, లివర్ దెబ్బతిన్న ఎలుకల ఒంట్లో 50 రెట్లు పెరిగింది. ఇవి పెద్ద విజయాలే, కానీ మనిషికి పూర్తి లివర్ అమర్చాలంటే పైత్యరసం బయటికి పోయే దారి కూడా కావాలి, అక్కడ పని ఇంకా చాలా మిగిలి ఉంది. ప్రస్తుతానికి ఈ కణజాలం ఎక్కువగా పనికొచ్చేది మందులు లివర్‌ని పాడుచేస్తాయో లేదో చూడటానికి. మన దేశంలో కూడా 2023లో మార్చిన రూల్స్‌తో ఇలాంటి పరీక్షలకు దారి దొరికింది.

మీరిప్పుడు చేయాల్సింది, డాక్టర్‌ని మెల్డ్ స్కోర్ (లివర్ జబ్బు ఎంత తీవ్రంగా ఉందో చెప్పే అంకె) ఎంతో అడగండి, ట్రాన్స్‌ప్లాంట్ హాస్పిటల్ ద్వారా ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించండి, తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఉంది. ఈలోపు మీ డోనర్ పరీక్షలు కూడా మొదలుపెట్టవచ్చు. పరీక్షలు చేయించుకున్నంత మాత్రాన ఇచ్చి తీరాలని లేదు, ఆపరేషన్ ముందు వరకూ మీరు వద్దనుకోవచ్చు.