ఆపరేషన్ చేయిస్తే షుగర్ పోతుందా? మా ఇంట్లో చూసింది చెప్తాను

చిత్తూరు నుంచి అడిగిన తమ్ముడూ, మీ అన్నకు 44 ఏళ్లు, షుగర్ వచ్చి ఆరేళ్లు, బీఎంఐ (ఎత్తునుబట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క) 36, మాత్రలతో అదుపులో ఉండటం లేదు, డాక్టరేమో బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకోమన్నారు, చేయిస్తే షుగర్ పోతుందా అని కదా మీ ప్రశ్న. మాది తిరుపతి. మా ఆయనకు చెన్నైలో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించాం, అంటే పొట్టను చిన్నది చేసి, దాన్ని చిన్నపేగు కింది భాగానికి కలిపే ఆపరేషన్.

పోవచ్చు. కొన్నేళ్లకు మళ్లీ రావచ్చు కూడా. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు 150 మందితో స్టాంపీడ్ అనే అధ్యయనం చేశారు. ఐదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నవాళ్లు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో (పొట్టలో చాలా భాగం తీసేసి గొట్టంలా చేసే ఆపరేషన్) 23 శాతం, మందులు మాత్రమే వాడినవాళ్లలో 5 శాతం. మందులకంటే ఎంతో మేలే, కానీ అందరికీ కాదు.

ఎవరికి బాగా పనిచేస్తుందన్నది బరువుకంటే షుగర్ వయసు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. క్లోమంలో ఇంకా ఇన్సులిన్ తయారవుతుంటేనే ఫలితం. అది తెలియడానికి సీ-పెప్టైడ్ అనే రక్తపరీక్ష ఉంది, ముందు అది చేయించండి. ఆరేళ్లే, ఇంకా ఇన్సులిన్ సూది మొదలవలేదంటే మీ అన్నకు అవకాశం బాగానే ఉంది. ఇంకో పదేళ్లు లాగి, చివరి అస్త్రంగా చేయించుకుందాంలే అనుకోవడం నాకైతే నచ్చదు.

మా ఆయనకు బరువు ఇంకా తగ్గకముందే, ఆస్పత్రిలో ఉండగానే షుగర్ దిగడం మొదలైంది. మెషిన్ తప్పు చూపిస్తోందేమోనని నేను నర్సుతో మళ్లీ గుచ్చించాను. తిండి చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండా నేరుగా కిందికి వెళ్లడంతో ఇన్సులిన్‌ను పెంచే జీఎల్‌పీ-1 అనే హార్మోన్ ఎక్కువవుతుందట, తినేదీ బాగా తగ్గిపోతుంది. అందుకే పాత మోతాదులో మందులు వేస్తే లో షుగర్ అయ్యే ప్రమాదం ఉంది. డిశ్చార్జి రోజే కొత్త మోతాదు కాగితం మీద రాయించుకోండి.

తర్వాతి కాపురం మాత్రం వేరే. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు. ముందు గుడ్డో పప్పో తిని, ఆ తర్వాతే అన్నం. రాగి సంగటి ముద్ద మింగుడుపడక చాలాకాలం మానేశారు. ఒకసారి చుట్టాలు కొండ నుంచి లడ్డు తెస్తే, ప్రసాదం కదా అని సగం తినేశారు. కాసేపటికే ఒళ్లంతా చెమటలు, గుండె దడ, లేచి నిలబడలేక మంచమెక్కారు. డంపింగ్ అంటారు దాన్ని. ఇప్పుడు చిటికెడు కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటారు, అంతే. పెళ్లిళ్లకు వెళ్తే "ఏం జబ్బు చేసిందమ్మా ఆయనకు?" అని నన్ను పక్కకు పిలిచి అడిగేవాళ్లకు కొదవలేదు.

బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ జీవితాంతం వేసుకోవాలి, ఏటా రక్తపరీక్షలు ఉంటాయి. కాబట్టి వెళ్లి రావడానికి వీలైన ఊరు ఎంచుకోండి. మీకు వేలూరు దగ్గరే కదా.

ఇన్సూరెన్స్ సంగతి. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం బీఎంఐ 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నా, లేక 35 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, మామూలు పద్ధతులతో బరువు తగ్గక, అదుపులేని టైప్ 2 షుగర్ ఉన్నా డాక్టరు సలహాతో చేసే ఈ ఆపరేషన్‌ను మినహాయింపుల్లో వేయకూడదు. పాలసీలో వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్‌కు ముందు ఆగాల్సిన కాలం) చూసుకోండి. మా ఇన్సూరెన్స్ కంపెనీవాళ్లు అందం కోసం చేయించుకున్నారేమో అన్నట్టు కాగితాలు తిప్పి పంపారు. పాత షుగర్ రిపోర్టులన్నీ జతచేశాకే కదిలింది.

మీ అన్నకు గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఉంటే ఆ మాట సర్జన్‌కు తప్పక చెప్పమనండి. స్లీవ్‌తో అవి ఎక్కువయ్యే అవకాశం ఉంది, అలాంటివాళ్లకు ఎక్కువగా బైపాస్ వైపే మొగ్గుతారు.