స్పెయిన్ రెడ్ వైన్లలో తేలికైనది ఏది, దానితో ఏమి తినాలి?

ఉత్తర స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు రెడ్ వైన్, క్రియాన్సా రకం సీసా ఒకటి తెచ్చుకుంటే చెక్క వాసనా వగరూ ఎక్కువగా తోచాయని, అంతకంటే తేలికైన స్పెయిన్ రెడ్ వైన్ ఉంటే చెప్పమని, దానితో ఏ వంటలు కుదురుతాయో కూడా తెలపమని మీరు అడిగారు. నా సమాధానం మెన్థియా. ఇది ద్రాక్ష రకం పేరు. స్పెయిన్ వాయవ్య మూలన లెయోన్ ప్రాంతంలోని బియెర్థో లోయలోను, దానికి పడమర గలీసియాలో సీల్ నది ఒడ్డున నిట్టనిలువు మెట్ల తోటలుండే రిబైరా సాక్రాలోను ఇది ఎక్కువగా పండుతుంది.

రియోహాలో క్రియాన్సా అనిపించుకోవాలంటే ఆ వైన్ కనీసం రెండేళ్లు ఆగాలి, అందులో ఒక ఏడాది ఓక్ పీపాలో ఉండాలి. మీకు తగిలిన చెక్క వాసన అక్కడిదే. మెన్థియా కొనేటప్పుడు చీటీ మీద ‘హోవెన్’, అంటే లేత వైన్, అన్న మాట ఉన్నదాన్ని ఎంచుకోండి. గ్లాసులో ముదురు ఊదారంగు చూసి ఇది బరువైనదని అనుకోవద్దు. నోట్లో పుల్ల చెర్రీల రుచి, వెనుకనే కాస్త మిరియాల ఘాటు, నాలుకను పట్టేయని మెత్తని వగరు తెలుస్తాయి.

మద్రిద్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నేను మొదటి సీసాను జూలై ఎండల్లో, వంటగది అలమర నుంచి తీసి అలాగే పోసుకున్నాను. సారా వాసన తప్ప మరేమీ తెలియలేదు. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట చల్లని రాతి ఇళ్లకు చెల్లుతుంది గాని, ముప్పై డిగ్రీల గదికి చెల్లదు. మిగిలిన వైన్‌ను ఫ్రిజ్‌లో అరగంట ఉంచి తీస్తే పండ్ల వాసన పైకి వచ్చింది. దీనికి 13 నుంచి 15 డిగ్రీలు సరిపోతాయి.

తిండి విషయంలో నాకు కళ్లు తెరిపించినది మెలీదే అనే ఊరు. బియెర్థోలోని పొన్‌ఫెర్రాదా ఊరి నుంచి గలీసియాలోని పుణ్యక్షేత్రం సాంతియాగోకు యాత్రికుల దారిలో సుమారు 200 కిలోమీటర్లు నడుస్తూ అక్కడ ఆగాను. రాగి కాగులో ఉడికిన ఆక్టోపస్‌ను ఒకావిడ కొక్కెంతో పైకి తీసి, కత్తెరతో బిళ్లలుగా కోసి, చెక్క పళ్లెంలో పరచి, గళ్ళుప్పు చల్లి, పిమెంతోన్ అనే ఎర్రని మిరపపొడి వేసి, ఆలివ్ నూనె ధారగా పోసింది. పక్కన తెల్లటి పింగాణీ గిన్నెలో చల్లని మెన్థియా. సముద్రపు తిండికి వైట్ వైనే తగినదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి, కాని ఆక్టోపస్‌లో కొవ్వు తక్కువ, పైగా పిమెంతోన్, నూనె దానికి మాంసం వంటి నిండుదనం ఇస్తాయి, అందువల్ల ఒక్క ముక్కకు ఒక్క గుక్క చొప్పున పళ్లెం ఖాళీ చేశాను. ఇదే ధైర్యంతో ఇంట్లో వేయించిన సార్డీన్ చేపలతో తాగితే మాత్రం నోరంతా ఇనుప రుచి అయింది. నూనె ఎక్కువగా ఉండే చేపలకు ఇది వద్దు.

బియెర్థో వారి సొంత జత బొతీయో. పంది పక్కటెముకలు, తోక ముక్కలు కొట్టి, వెల్లుల్లి, పిమెంతోన్ పట్టించి, పంది పేగులో కూరి, పొగబెట్టి, తర్వాత క్యాబేజీ, బంగాళాదుంపలతో ఉడికిస్తారు. అంత కొవ్వుకు ఇంత తేలికైన వైన్ ఆనుతుందా అనిపిస్తుంది గాని, దీని పులుపు ప్రతి ముద్ద తర్వాతా నోటిని శుభ్రం చేస్తుంది. మీకు అది దొరకకపోతే పొగబెట్టిన సాసేజీ, కాల్చి తొక్క తీసిన ఎర్ర కాప్సికం, పుట్టగొడుగుల వేపుడు చాలు.

మన వంటల్లో నాకు బాగా కుదిరినది మిరియాలతో చేసిన కోడి వేపుడు, ఎందుకంటే వైన్‌లోని ఘాటూ ఆ ఘాటూ ఒకే తీరువి. పండుమిరప కారం దట్టించిన కూరలతో వద్దు, ఆల్కహాలు ఆ మంటను పెంచుతుంది. ఇక హోవెన్ సీసాలను దాచిపెట్టుకోకండి, చీటీ మీది సంవత్సరం చూసి, పంట నాటి నుంచి రెండు మూడేళ్లలోపు తాగేయండి.