డైనర్ డ్యాష్ ఆడినవారికి వడ్డన పని తేలికవుతుందా?

డైనర్ డ్యాష్ లాంటి, హోటల్ నడిపే కంప్యూటర్ ఆటలు బాగా ఆడేవారికి నిజమైన రెస్టారెంట్‌లో బల్లల దగ్గర పని తేలికవుతుందా, లేక అది వట్టి కాలక్షేపమేనా అని అడిగారు. చదువుకునే రోజుల్లో కొంతకాలం సాయంత్రాలు వడ్డన పని చేశాను. అంతకు ముందే ఆ ఆటను మా అక్క పక్కన కూర్చుని చూస్తూ, ఆమె లేచినప్పుడల్లా ఆడుతూ పెరిగాను. తేలికవుతుందనే నా గట్టి నమ్మకం. అయితే ఆ ఆట వల్ల చేతివేగం వస్తుందని చాలామంది అంటారు, దానితో నేను ఏకీభవించను. అది నేర్పేది ఎవరిని ఎంతసేపు ఆపవచ్చునన్న లెక్క.

గేమ్‌ల్యాబ్ రూపొందించగా ప్లేఫస్ట్ విడుదల చేసిన ఆ మొదటి ఆటలో, ఆఫీసు ఉద్యోగం మానేసి సొంతంగా హోటల్ పెట్టుకున్న ఫ్లో ఒక్కతే అన్ని బల్లలనూ చూసుకోవాలి. కూర్చోబెట్టడం, ఆర్డరు తీసుకోవడం, చీటీ వంటగదిలో ఇవ్వడం, వండినది తెచ్చి పెట్టడం, బిల్లు తీసుకోవడం, ఎంగిలి పళ్లేలు తీయడం: పని ఇంతే. ఆలస్యమైన కొద్దీ అతిథుల తల మీది హృదయాలు ఒక్కొక్కటిగా తగ్గుతాయి, అన్నీ పోతే వాళ్లు లేచి వెళ్లిపోతారు. కానీ ఒకే రకం పనిని వరుసగా వేర్వేరు బల్లల దగ్గర చేస్తే అదనపు పాయింట్లు పెరుగుతూ పోతాయి, మధ్యలో ఇంకో రకం పని ముట్టుకుంటే ఆ వరుస తెగిపోతుంది. అంటే అతిథుల ఓపికే మన చేతిలోని పెట్టుబడి. పిలవగానే పరుగెత్తేవాడు స్థాయి దాటగలడేమో గానీ, ఎక్స్‌పర్ట్ స్కోరు, అంటే దాటడానికి చాలిన దానికన్నా పెద్ద లక్ష్యం, మాత్రం అతనికి అందదు.

అక్క ఆడిన ఒక ఆట నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అన్ని బల్లలూ నిండిపోయాయి. మూడు బల్లల వాళ్లు తినడం ముగించి బిల్లు కోసం చేతులెత్తారు, నాలుగో బల్ల దగ్గర వృద్ధ దంపతులు మాత్రం తీరిగ్గా నములుతూనే ఉన్నారు. వాకిట్లో వరుసలో నిలబడ్డ ఎర్ర దుస్తుల వ్యాపారులకు, అసలే ఓపిక తక్కువ వాళ్లకు, ఒకే ఒక్క హృదయం మిగిలింది. నేను ‘పోతారే, పోతారే’ అని అరుస్తున్నాను. అక్క మౌస్ కదపలేదు. ముసలివాళ్లు ముగించి చేయెత్తిన క్షణంలో నాలుగు బిల్లులూ ఏకబిగిన తీసుకుని, ఎర్ర కుర్చీలున్న బల్లను ముందుగా శుభ్రం చేసి, వరుసలోని వారిని తెచ్చి రంగుకు రంగు కలిసేలా కూర్చోబెట్టింది. దుస్తుల రంగు, కుర్చీ రంగు ఒకటైతే దానికీ బోనస్ ఉంటుంది. మూడు బిల్లులను ముందే తీసుకుని ఉంటే తొందర తీరేదే గానీ, ఆ స్కోరు వచ్చేది కాదు.

పనిలో నాకు అక్కరకు వచ్చింది సరిగ్గా ఇదే. ఒక బల్లవారు మంచినీళ్లు అడిగితే వెంటనే వంటగది వైపు మళ్లకుండా, పక్క రెండు బల్లలనూ ఒకసారి పలకరించి, అడిగినవన్నీ ఒకే విడతలో తెచ్చేవాణ్ణి. వెళ్లేటప్పుడు ఎంగిలి పళ్లేలు, వచ్చేటప్పుడు వేడి పళ్లేలు. ఉత్తి చేతులతో నడవడమనేది ఉండేది కాదు. ఫ్లోకు కూడా రెండు చేతులే ఉంటాయి గనుక ఒకేసారి రెండు వస్తువులే పట్టుకోగలదు, ఆ నియమం పెట్టినవారికి ఈ పని బాగా తెలిసి ఉండాలి.

వారికి తెలియనిది వంటగది సంగతి. ఆటలోని వంటవాడు ఒక బల్ల చీటీని మరో బల్లకు ఎన్నడూ అంటగట్టడు, వడ్డించినది తిప్పి పంపే అతిథి ఒక్కరూ ఉండరు. నా పరుగుల్లో సగం ఆ రెండింటి వల్లనే. పైగా నిజం మనిషి తల మీద హృదయాలు కనిపించవు. అన్నిటికీ నవ్వుతూ తలూపినవారే వెళ్తూ వెళ్తూ యజమానికి ఫిర్యాదు చేసేవారు.

ఇక ఇప్పుడు ఫోనుల్లో ఉచితంగా దొరికే ఈ కోవ ఆటల సంగతి. వాటిలో చాలావరకు డబ్బు కడితే వంట ఇట్టే ముగుస్తుంది, కట్టకపోతే ఆట మళ్లీ మొదలయ్యేదాకా వేచి ఉండాలి. ఓపికను పొదుపుగా వాడుకోవడమే సారమైన ఆటలో ఓపికనే సరుకుగా అమ్మడం నాకు బొత్తిగా గిట్టదు. 2014లో గ్లూ మొబైల్ అనే ఆటల సంస్థ ప్లేఫస్ట్‌ను కొనేనాటికే ఈ ధోరణి పాతుకుపోయింది.

అందువల్ల మీరు ఆడదలిస్తే పాత ఆటనే వెతికి ఆడండి. మొదట కథలోని స్థాయిలన్నీ మామూలు స్కోరుతో దాటి, ఆ తరువాత అవే స్థాయిలను ఎక్స్‌పర్ట్ స్కోరు కోసం మళ్లీ ఆడండి. ఓడేదాకా ఆగకుండా సాగే ఎండ్‌లెస్ షిఫ్ట్ జోలికి అప్పుడే వెళ్లకండి, అక్కడ జనం తాకిడిలో ఆపడం కుదరక పరుగే అలవాటవుతుంది.