లక్ష లోపు స్కూబా ట్రిప్‌కి ఎక్కడికెళ్ళాలి? పడవ ఎక్కక్కర్లేని చోటికి

"డిసెంబర్ చివర్లో వారం సెలవు, ఒక్కడినే వెళ్తున్నా, అంతా కలిపి లక్ష దాటకూడదు, స్కూబా మాత్రం చేసి తీరాలి. అండమానా, బాలీనా, థాయ్‌లాండా?" ఇదీ మీ ప్రశ్న. అందరూ మీకు చేపల లిస్టు ఇస్తారు. తాబేలు ఎక్కడ కనపడుతుంది, షార్క్ ఎక్కడ కనపడుతుంది అని. నేను ఇవ్వను. ఒడ్డు మీద నుంచి నడుచుకుంటూ నీళ్ళలోకి దిగి డైవ్ చేయగలిగే చోటు వెతుక్కోండి, దేశం ఏదైనా పర్లేదు.

ఎందుకంటే డైవింగ్‌లో డబ్బంతా పోయేది పడవకి. డీజిల్, పడవ నడిపేవాళ్ళు, పడవలో పెట్టే పుచ్చకాయ ముక్కలు, అన్నీ మన బిల్లులోనే. సిలిండర్‌లో గాలి నింపడానికి అయ్యేది అందులో చిన్న ముక్క. పైగా డబ్బు కట్టి మరీ వాంతులు చేసుకోవడం ఒకటి. నేను కోర్సు చేసింది అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, కానీ టికెట్ కౌంటర్ దగ్గర కూడా అందరూ హావ్‌లాక్ అనే అంటారు). నీళ్ళ కింద నాకు ఏ ఇబ్బందీ లేదు, చిన్నప్పటి నుంచి కాలవలో ఈదినవాణ్ణి. పైన పడవలోనే ప్రాణం పోయింది. వాంతులు ఆపే అవోమిన్ మాత్ర వేసుకుంటే నిద్ర, వేసుకోకపోతే వాంతి. మా ఇన్‌స్ట్రక్టర్ చాలా మామూలుగా "రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునే గొట్టం మూతి) నోట్లో పెట్టుకునే వాంతి చేసుకోవచ్చు, ఏం కాదు" అన్నాడు. నిజమే, చేసుకోవచ్చు. కానీ సెలవు పెట్టుకుని వెళ్ళి నేర్చుకోవాల్సిన విద్యా అది?

మాది కాకినాడ పక్క. ఇంటి ముందే సముద్రం ఉంటే బాలీ దాకా ఎందుకురా అని మా బాబాయి ఇప్పటికీ అడుగుతాడు. గోదావరి మోసుకొచ్చే ఒండ్రుకి మా దగ్గర మోకాలి లోతులో మన పాదాలే మనకి కనపడవు బాబాయ్ అంటే, "పాదాలు చూసుకోడానికి అంత దూరమా" అంటాడు. ఈ ప్రశ్నకి జవాబు లేదు.

గోవా సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఎవరో ఒకరు మీకు కచ్చితంగా గోవా చెప్తారు. "డాల్ఫిన్, స్నార్కెలింగ్, లంచ్, స్కూబా" అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ. వెనక నుంచి ఒకతను మీ సిలిండర్ పట్టుకుని, ఒక రాయి దగ్గరకి తీసుకెళ్ళి, కెమెరాకి చెయ్యి ఊపించి, మీకు ఊపిరి తీసుకోవడం అలవాటయ్యే లోపు పైకి తెచ్చేస్తాడు. వీడియోకి డబ్బులు వేరే. వచ్చాక చూస్తే ఆ వీడియోలో ముందు వెళ్ళిన ఇంకెవరి చేపలో కలిపి ఉంటాయి. మన వ్లాగర్లు దీన్నే "లైఫ్ చేంజింగ్" అని థంబ్‌నెయిల్ పెడతారు, నోరు ఇంత తెరిచి. నీళ్ళ కింద నోరు ఎలా తెరిచారో నాకు అర్థం కాదు. అదే పడమటి తీరంలో చేయాలనుంటే ముర్డేశ్వర్ దగ్గర నేత్రాణి దీవి వంద రెట్లు నయం, నీళ్ళు శుభ్రంగా ఉంటాయి. కానీ అదీ పడవే, గంటన్నర.

సరే, నేను చెప్పాలనుకున్న చోటు తులాంబెన్. బాలీలో ఈశాన్య మూల. ఎయిర్‌పోర్ట్ నుంచి కారులో మూడు గంటలు పడుతుంది కాబట్టి హనీమూన్ బ్యాచ్ అంత దూరం రారు, వచ్చినా పొద్దున పదింటికి వచ్చి మధ్యాహ్నం వెళ్ళిపోతారు. అందుకే రూములు చవక. తెల్ల ఇసుక ఉండదు, అగ్నిపర్వతం నుంచి వచ్చిన నల్లటి గుండ్రాళ్ళు. ఫోటోలకి పనికిరాని బీచ్. ఆ బీచ్‌కి 30 మీటర్ల దూరంలో నీళ్ళలో ఒక ఓడ పడి ఉంది, పేరు లిబర్టీ. అమెరికా సైన్యానికి సరుకు మోసిన ఓడ. 1942 జనవరిలో జపాన్ సబ్‌మెరైన్ టార్పెడోతో కొడితే, లాక్కెళ్ళి సింగరాజా రేవుకి చేర్చాలనుకున్నారు, దారిలోనే నీళ్ళు నిండిపోయి ఇక్కడ ఒడ్డుకి ఎక్కించేశారు. ఇరవై ఏళ్ళు ఒడ్డు మీదే ఉంది. 1963లో అగుంగ్ పర్వతం పేలినప్పుడు ఆ అదురుకి జారి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు పై భాగం 5 మీటర్ల లోతులో, అడుగు 30 దగ్గర. అంటే మొదటిసారి దిగేవాడికి 12 మీటర్లే హద్దు అయినా కనపడుతుంది, ఓపెన్ వాటర్ కార్డు (మొదటి డైవింగ్ కోర్సు పూర్తిచేస్తే ఇచ్చేది) ఉన్నవాడికి 18 వరకూ కనపడుతుంది. ఇంత పెద్ద ఓడని ఇంత తక్కువ ఖర్చులో చూపించే చోటు ప్రపంచంలో ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. ఉందని ఎవరైనా అంటే వాళ్ళు అక్కడికి పడవలో వెళ్ళి ఉంటారు.

నేను దిగింది తెల్లవారుజామున, ఇంకా సరిగ్గా వెలుతురు రాలేదు. అక్కడ సిలిండర్లు మనం మోయక్కర్లేదు, ఆ ఊరి ఆడవాళ్ళు మోస్తారు, వాళ్ళకో సంఘం లాంటిది ఉంది. నా సిలిండర్ తెచ్చిన ఆవిడకి మా అమ్మ వయసుంటుంది. తల మీద గుడ్డ చుట్ట, దాని మీద పదిహేను కిలోల పైన బరువుండే సిలిండర్, భుజానికి ఇంకోటి, కాళ్ళకి హవాయి చెప్పులు. ఆ గుండ్రాళ్ళ మీద చకచకా నడిచి వెళ్ళిపోయింది. వెనకాల నేను ఖాళీ చేతులతో, రబ్బరు బూట్లు వేసుకుని, రెండు అడుగులకోసారి మా గైడ్ భుజం పట్టుకుంటూ. ఒకచోట కూలబడితే ఆవిడే వెనక్కి వచ్చి చెయ్యిచ్చి లేపింది, తల మీద సిలిండర్ అలాగే ఉంది. "తెరిమా కాసిహ్ ఇబు" అన్నాను. నవ్వింది కానీ, అది ధన్యవాదాలకి వచ్చిన నవ్వు కాదు.

అల దాటి కాళ్ళకి ఫిన్స్ (ఈత రెక్కలు) వేసుకుని దిగాక కాసేపు నల్ల ఇసుకే. ఆ ఇసుకలోంచి గార్డెన్ ఈల్స్, పాముల్లాంటి చేపలు, సన్నగా నిలబడి ఊగుతుంటాయి, దగ్గరకి వెళ్తే ఒక్కొక్కటే లోపలికి దిగిపోతాయి. నాకు నాలుగు మీటర్ల దగ్గర ఎడమ చెవి పట్టేసింది. గైడ్‌కి చెవి చూపించాను, అతను తొందర పెట్టలేదు, మీటరు పైకి తీసుకెళ్ళి ఆపాడు. ముక్కు మూసి మెల్లగా ఊదితే వదిలింది. పడవ డైవ్‌లో అయితే కింద తాడు పట్టుకుని మిగతా వాళ్ళందరూ మీకోసం ఎదురుచూస్తుంటారు, ఆ టెన్షన్‌కే చెవి ఇంకా బిగుస్తుంది. ఇక్కడ నేల వాలుగా ఉంటుంది కాబట్టి లోతు మన చేతిలో ఉంటుంది. ఈ మాట ఏ బ్రోషర్‌లోనూ రాయరు.

ముందు నీడ కనపడింది, తర్వాత గోడ. అప్పుడు చప్పుడు వినపడింది. పక్క గదిలో ఎవరో పటికబెల్లం కొరుకుతున్నట్టు. చూస్తే బంప్‌హెడ్ ప్యారట్ ఫిష్‌ల గుంపు, ఒక్కోటి మీటరు పైనే ఉంటుంది, నుదుటి మీద పెద్ద బొడిపె, రాత్రంతా ఓడలో పడుకుని పొద్దున్నే బయటికి వస్తాయి. పగడాన్ని పళ్ళతో విరిచి నమిలి, వెనక నుంచి ఇసుకగా వదిలేస్తాయి. మా ముందు నుంచే వరసగా, మమ్మల్ని లెక్క చేయకుండా వెళ్ళిపోయాయి. గాలి ఎంత ఉందో చూసుకోమని గైడ్ గేజ్ మీద వేలితో కొట్టేదాకా నాకు గుర్తే లేదు. పది గంటల బ్యాచ్ వచ్చేసరికి అవి ఉండవు. అందుకే అక్కడే ఒక రాత్రి పడుకోమని చెప్పేది.

ఖర్చు సంగతి. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌లోనో సింగపూర్‌లోనో విమానం మారి వెళ్ళొచ్చు, మీ లక్షలో పెద్ద ముక్క ఆ టికెట్‌కే పోతుంది. దిగగానే వీసాకి 5 లక్షలు అంటారు, కంగారు పడకండి, వాళ్ళ రూపాయిలు, మన రెండున్నర వేల పైచిలుకు. 2024 నుంచి బాలీలో టూరిస్టు పన్ను ఇంకో లక్షన్నర. మిగిలింది మీ చేతిలోనే ఉంటుంది, రూము, తిండి, స్కూటర్ అన్నీ చవక. టెంపే (పులియబెట్టిన సోయా ముద్ద), అన్నం, సాంబాల్‌తో (వాళ్ళ మిరప పచ్చడి) రోజులు గడిచిపోతాయి, కారం మనకి సరిపోతుంది.

మన ట్రావెల్ ఏజెంట్ల మీద మాత్రం నాకు కోపం. ఒకరోజు డైవింగ్ పెట్టి, ఆ అర్ధరాత్రే బాతుర్ సన్‌రైజ్ ట్రెక్ పెడతారు. అది 1,717 మీటర్ల కొండ. డైవ్ చేశాక ఒంట్లో నైట్రోజన్ మిగిలి ఉంటుంది, వెంటనే ఎత్తుకి వెళ్తే అది బుడగలు కట్టి ప్రాణం మీదకి తేవచ్చు. విమానానికి కూడా అంతే, ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరసగా చేస్తే 18 గంటలు ఆగాలి. ఇది అడిగితే మా ఏజెంట్ "ఏం కాదు సార్, అందరూ చేస్తున్నారు" అన్నాడు. కొండ ముందు ఎక్కండి, నీళ్ళు తర్వాత. తిరుగు ప్రయాణానికి ముందు రోజు ఖాళీ.

థాయ్‌లాండ్ అడిగారు కదా. కార్డు కోసం కోర్సు చేయాలంటే కో టావ్ దీవికి సాటి లేదు, అక్కడ డైవ్ షాపుల మధ్య పోటీ ఎక్కువ కాబట్టి రేట్లు తక్కువ, పది వేల బాట్ల అటూఇటూ. కానీ 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి, "ఈత రాకపోయినా పర్లేదు" అన్న మాట ఒక్కరోజు ట్రయల్ డైవ్‌కే. ఇంకోటి, థాయ్‌లాండ్‌కి రెండు సముద్రాలు, రెండు వానాకాలాలు. కో టావ్ వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, సిమిలాన్ దీవుల వైపు మే నుంచి అక్టోబర్ దాకా, అప్పుడు ఆ దీవుల నేషనల్ పార్కు మూసేస్తారు కూడా. ఇది చూడకుండా టికెట్ కొని, తర్వాత "థాయ్‌లాండ్ వేస్ట్" అని రివ్యూ రాసేవాళ్ళు బోలెడు మంది.

డిసెంబర్ చివర అన్నారు. అప్పుడు బాలీలో వానలు, కొండ నీళ్ళు కలిసి తులాంబెన్ నీళ్ళు మసకబారతాయి, పైగా క్రిస్మస్ రేట్లు. అందుకని సెలవు మార్చుకోండి. మేలోనో జూన్‌లోనో వెళ్ళండి, మనకి మండే ఎండలు, వాళ్ళకి పొడి కాలం, జూలై రద్దీ ఇంకా మొదలవదు. మీ మేనేజర్ ఒప్పుకోకపోతే, డిసెంబరే తప్పదంటే, హావ్‌లాక్ వెళ్ళండి. అక్కడ నీమో రీఫ్ అనే పగడపు దిబ్బ దగ్గర ఒడ్డు నుంచి నడిచి దిగొచ్చు, మొదటిసారికి చాలు, పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) ఆటో అతను తెలుగులో మాట్లాడినా ఆశ్చర్యపోకండి. ఫెర్రీ టికెట్ ముందే తీసుకోండి, క్రిస్మస్ వారంలో అక్కడికెళ్ళాక దొరకదు. వెనక సీట్లలో కూర్చోకండి, డీజిల్ పొగంతా అక్కడికే వస్తుంది.