మట్టితో చేసిన మనిషి బొమ్మ కొయ్యబారినట్టు ఎందుకు కనిపిస్తుంది?

కొలతలన్నీ సరిచూసుకున్నా నిలబడిన బొమ్మ గుంజ పాతినట్టే ఉంటోందని, ఏ కండరం తప్పిందో తెలియడం లేదని మీరు అడిగారు. బంకమట్టితో బొమ్మలు చేస్తూ, ఆ పని నేర్పుతూ గమనించినంతలో లోపం కండరాలలో అరుదుగా ఉంటుంది. బొమ్మ బరువు ఏ కాలి మీద ఉందో తేల్చుకోకుండా మట్టి వేయడం మొదలుపెట్టడంలోనే ఎక్కువగా ఉంటుంది.

మనిషి తీరికగా నిలబడినప్పుడు రెండు కాళ్లనూ సమంగా వాడడు. కుడికాలి మీద బరువు మోపితే కుడి తుంటి పైకి లేస్తుంది, ఎడమ తుంటి జారి ఆ మోకాలు కాస్త వంగుతుంది, తూకం నిలబెట్టుకోవడానికి కుడి భుజం దిగుతుంది. అందువల్ల కుడి పక్క నడుము దగ్గర చర్మం మడత పడితే, ఎడమ పక్క పక్కటెముకల నుంచి తుంటి వరకు సాగి దాదాపు చదునుగా కనిపిస్తుంది. ఈ రెండు పక్కల తేడా కుదిరితే ముఖం ఇంకా ముద్దగా ఉన్నా బొమ్మకు ప్రాణం వస్తుంది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు శిల్పి పాలిక్లైటస్ చేసిన ఈటెధారి విగ్రహానికి రోమన్ ప్రతులే మిగిలాయి గానీ, వాటిలోనూ ఈ అమరిక స్పష్టంగా ఉంటుంది. మన శిల్పులు సమభంగం (వంపు లేని నిలుపు), ఆభంగం (కొద్ది వంపు), త్రిభంగం (మూడు చోట్ల వంపు) అని విడదీసి చెప్పినదీ ఈ వంపుల సంగతే. బొమ్మ ఎత్తును ముఖం నిడివికి తొమ్మిది రెట్లుగా తీసుకునే నవతాలం ప్రకారం 108 అంగుళాలు (ఇక్కడ అంగుళం అంటే ఇంచు కాదు, ముఖం నిడివిలో పన్నెండో వంతు) లెక్కగా పంచినా, ఆ లెక్క నిడివిని చెబుతుంది తప్ప బరువును చెప్పదు.

పరీక్ష సులభం. దారానికి చిన్న బరువు కట్టి గొంతు గుంట ఎదురుగా వేలాడదీస్తే, అది బరువు మోసే కాలి లోపలి చీలమండ దగ్గరకు రావాలి. నెట్టే, లాగే బొమ్మలకు ఇది వర్తించదు. చెన్నై మెరీనాలో 1959లో నెలకొల్పిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి శిల్పంలో బండరాయిని కదిలిస్తున్న నలుగురు శ్రామికులను చూడండి, వారి బరువులో కొంత ఆ రాయి మీదికి పోతోంది.

ఈ వంపును ఆర్మేచర్ అనే లోపలి తీగల చట్రంలోనే పెట్టాలి. తుంటికీ భుజాలకూ కట్టే అడ్డతీగలు ఎదురెదురు వాలులో ఉండాలి. రెండింటినీ సమాంతరంగా కట్టి మట్టితో సర్దుదామనుకుంటే తీగ ఎక్కడో ఒకచోట బయటికి పొడుచుకొస్తుంది. చీలమండలు తడిమట్టి బరువును మోయలేవు కనుక పీటకు బిగించిన ఇనుప కమ్మీని వెనుక నుంచి నడుములోకి దించండి, తుప్పు పట్టకుండా ముందే రంగు వేయండి. ఛాతీ మట్టి జారుతుంటే రెండు చెక్కముక్కలను ఒకదానికొకటి అడ్డంగా కట్టి, లోపల తీగతో వేలాడదీస్తే పట్టు దొరుకుతుంది.

ఆ తరువాత బొమ్మను కిటికీకి ఎదురుగా పెట్టి, పీటను కొద్దికొద్దిగా తిప్పుతూ అంచు రేఖను మాత్రమే చూడండి. ఫ్రెంచ్ శిల్పి రోడిన్ పద్ధతి ఇదే. 1877లో ప్రదర్శించిన ఆయన ‘కంచు యుగం’ ఎంత సహజంగా కుదిరిందంటే, బతికున్న మనిషి ఒంటి మీద అచ్చు తీశాడని నింద పడింది. వెనుక నుంచీ పక్క నుంచీ అంచు సరిపోయేదాకా కళ్లు, వేళ్ల జోలికి వెళ్లకండి.